ఘాటు మీది సీమ – 7: ఆరు కంఠీరవ వరహాలకు అయిదు మదరాసు వరహాలు

1792 మార్చిలో టిప్పు సుల్తాన్‌తో శ్రీరంగపట్టణంలో కుదిరిన ఒప్పందానికి ఒక పట్టీ జతచేశారు. సుల్తాను వదులుకున్న తాలూకాల పేర్లు, ఒక్కొక్కదాని రాబడి అందులో ఉంటాయి. ఈస్టిండియా కంపెనీ వాటాకు వచ్చిన బారామహల్ కింద తొమ్మిది పేర్లు కనిపిస్తాయి. అసలు బారామహల్‌కు 64,000, కావేరిపట్నానికి 10,000, ధర్మపురికి 8,000, రాయకోటకు 8,000, అలా వరసగా వెళ్తే కంగుందికి 6,000. కంగుంది అంటే నేటి కుప్పం పక్కనున్న కొండకోట. తర్వాతి కాలంలో కుప్పం కేంద్రంగా సాగిన కంగుంది జమీందారీకి పేరిచ్చిన ఊరు. తొమ్మిదీ కూడితే 1,34,000. ఇవన్నీ వరహాలు. చరిత్ర పుస్తకాలు ఇక్కడితో ఆగి, 'కంగుంది రాబడి ఆరువేల వరహాలు' అని రాసి ముందుకు పోతాయి. కానీ ఆనాడు ఈ సీమలో వరహా అన్న పేరుతో చెల్లుతున్న నాణెం ఒక్కటి కాదు. మైసూరు వరహా వేరు, మదరాసు వరహా వేరు. వాటి మధ్య తేడా నూటికి ఇరవై. ఒక రాజ్యపు నాణేనికి పొరుగు రాజ్యపు నాణెంలో వెల కట్టడం షరాబుల పని అనీ, అంగట్లో తేలే విషయమనీ మనం అనుకుంటాం. 1792 నుంచి ఒక తరంపాటు ఈ సీమలో ఆ వెలకు గట్టి రూపమిచ్చింది ఒప్పంద పత్రాలు, ఖజానా లెక్కలు. ఆ వెల తెలియకుండా అప్పటి రాబడి అంకె దేన్నీ సరిగా చదవలేమన్నదే ఈ భాగంలో నేను నిరూపించదలచుకున్న మాట.

ముందు నాణేలను దగ్గరగా చూద్దాం. మైసూరు రాజు కంఠీరవ నరసరాజ ఒడెయరు 1638 నుంచి 1659 వరకు పాలించాడు. ఆయన ముద్రించిన బంగారు పణం కందిబద్ద కన్నా పెద్దదేమీ కాదు. ఒకవైపు నరసింహమూర్తి, మరోవైపు నాగరి లిపిలో కంఠీరవ నామం. ఈ పణాలు పదిచేరితే ఒక కంఠీరవ వరహా. విశేషం ఏమిటంటే కంఠీరవ వరహా అనే నాణెం చేతిలో పట్టుకోవడానికి లేదు. అది చిట్టాలో రాసుకునే మాట మాత్రమే. చేతులు మారేవి పణాలే. హైదరు అలీ, టిప్పు వచ్చాక బహదూరీ వరహా అనే బరువైన బంగారు నాణెం వచ్చింది. టిప్పు తన టంకసాలలకు కొత్త పేర్లు పెట్టాడు. మదనపల్లెకు దగ్గరలోని గుర్రంకొండ ఆ నాణేల మీద జఫరాబాద్ అయింది. అక్కడ రాగి నాణేలు కొట్టారు. ఇన్ని మార్పులు జరిగినా జనం లెక్క కంఠీరవ పణాన్ని వదల్లేదు. 1799లో ఒడెయర్ల వంశం మళ్లీ గద్దె ఎక్కాక దివాను పూర్ణయ్య ఆ పణాన్నే తిరిగి కొట్టించాడు.

ఘాటు దిగితే లోకం మారిపోతుంది. మదరాసులో కంపెనీ కొట్టిన వరహాకు ఒకవైపు దేవతామూర్తి, మరోవైపు చుక్కలు చుక్కలుగా ఉన్న నేల మీద అయిదు కోణాల నక్షత్రం ఉంటాయి. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో స్టార్ పగోడా అని రాసింది దీన్నే. దీని బరువు 52.4 గ్రెయిన్లు, అందులో మేలిమి బంగారం సుమారు 42 గ్రెయిన్లు. ఒక మదరాసు వరహాకు 42 పణాలు, ఒక పణానికి 80 కాసులు. ఈ పణం వెండిది. మైసూరు పణంతో దీనికి పేరు తప్ప పోలిక లేదు. దీనితోపాటు ఆర్కాటు రూపాయి ఉంది. దాన్ని కొట్టుకునే హక్కు 1742లో కంపెనీ సంపాదించుకుంది. మదరాసు కచేరీ లెక్క ప్రకారం నూరు స్టార్ వరహాలకు 350 రూపాయలు, అంటే వరహాకు మూడున్నర. మన ముత్తాతల కాలం దాకా తెలుగు ఇళ్లలో వరహా అనగానే మూడున్నర రూపాయలని చెప్పడం ఈ కచేరీ లెక్క వేసిన ముద్రే.

మైసూరు లెక్కల్లో స్థిరపడిన రేటు ప్రకారం కంఠీరవ పణానికి 4 అణాల 8 దమ్మిడీలు. అణాకు పన్నెండు దమ్మిడీలు కనుక పది పణాల కంఠీరవ వరహాకు 2 రూపాయల 14 అణాల 8 దమ్మిడీలు. చూడడానికి ఎవరూ గుర్తుపెట్టుకోలేని చిల్లర అంకెలా కనిపిస్తుంది. మూడున్నర పక్కన పెట్టి చూస్తే దాని అసలు రూపం బయటపడుతుంది. ఆరు కంఠీరవ వరహాలు పదిహేడున్నర రూపాయలు, అయిదు మదరాసు వరహాలూ పదిహేడున్నర రూపాయలే. దమ్మిడీ తేడా లేదు. పణాల్లో చూసినా అంతే. మైసూరు బంగారు పణం ఒకటికి మదరాసు వెండి పణాలు సరిగ్గా మూడున్నర. అరవై మైసూరు పణాలు 210 మదరాసు పణాలు, వాటిని 42తో భాగిస్తే మళ్లీ అయిదు వరహాలే. అంగట్లో బేరంతో తేలిన వెల ఇంత నున్నగా ఉండదు. షరాబు వట్టం తీసుకుంటాడు, అరిగిన నాణేనికి కోత పెడతాడు, పంటల రోజున ఒక ధర, పంట పోయిన ఏడు మరో ధర చెబుతాడు. ఆరుకు అయిదు అన్నది గుమాస్తాల లెక్కకు సులువుగా ఉండడానికి గుండ్రంగా చేసి, కచేరీ ముద్ర వేసి, ఏళ్లతరబడి కదలకుండా ఉంచిన రేటు.

అయితే 1792లో ఈ రేటు వాడలేదు. ఆ ఒప్పందంలో కంపెనీ వాటా మొత్తం 13,16,765 వరహాలు. దాన్ని రూపాయల్లో సుమారు ముప్పై తొమ్మిదిన్నర లక్షలుగా చెప్పుకున్నారు. భాగించి చూస్తే వరహాకు మూడు రూపాయలు. అంటే అదే మైసూరు వరహాకు ఒక చోట మూడు రూపాయలు, మరో చోట 2-14-8. తేడా వరహాకు ఒక అణా నాలుగు దమ్మిడీలు, రూపాయిలో పన్నెండో వంతు. చిన్నదిగా కనిపించే ఈ తేడా కంగుంది దగ్గర ఎంతవుతుందో చూడండి. ఆరువేల వరహాలను మూడుతో గుణిస్తే 18,000 రూపాయలు. రెండో రేటుతో 17,500. కొండల మధ్య ఉన్న ఒక చిన్న తాలూకా మీద ఏడాదికి అయిదు వందల రూపాయలు కాగితం మీదే పుట్టాయి, లేదా కాగితం మీదే పోయాయి. కంపెనీ వాటా మొత్తానికి వర్తింపజేస్తే తేడా 1,09,730 రూపాయలు. ఒక్క పొలం పెరగలేదు, ఒక్క చెరువు తెగలేదు, ఒక్క గింజ ఎక్కువ పండలేదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 1792 ఒప్పందం సుల్తాను రాబడిలో సగం తీసుకుని ముగ్గురు మిత్రులకు, అంటే కంపెనీకి, నిజాముకు, మరాఠాలకు పంచింది. లెక్క మొత్తం ఒకే వరహాలో కట్టారు. రేటు మూడైనా, దానికి కాస్త తక్కువైనా సగం సగమే, మూడో వంతు మూడో వంతే. కనుక పంపకంలో రేటు ఎవరికీ మేలూ చేయలేదు, కీడూ చేయలేదు. ఈ వాదన నిజం. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ పంపకం ముగిసిన మర్నాటి నుంచి లెక్క వేరే తీరున నడుస్తుంది. బారామహల్‌కు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను పంపారు, ఆయన కింద థామస్ మన్రో పనిచేశాడు. ఆ ఇద్దరూ మదరాసుకు లెక్క చెప్పాలి. మదరాసు కచేరీకి తెలిసింది మదరాసు వరహా, రూపాయి. కంగుంది మీద 18,000 రూపాయల అంచనాతో కూర్చున్న ప్రభుత్వానికి, ఆరువేల మైసూరు వరహాలు తెచ్చి పోస్తే 17,500 అని లెక్క తేలితే, ఆ అయిదు వందలు కలెక్టరు వైపు బాకీలా కనిపిస్తాయి. పంపకపు పట్టీలో నోరెత్తని రేటు వసూలు పట్టీలోకి వచ్చేసరికి మాట్లాడడం మొదలుపెడుతుంది. పైగా అదే ఒప్పందం కింద సుల్తాను మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు యుద్ధపరిహారంగా ఇవ్వాలి. బాకీ రూపాయల్లో రాశారు, కట్టడానికి మొహరీలు, వరహాలు, ముద్దబంగారం ఒప్పుకున్నారు. రూపాయల్లో రాసి బంగారంలో తీసుకునే చోట, ఒక్కో నాణెం ఎంతకు తీసుకుంటారన్నదే బాకీ అసలు పరిమాణం.

ఏడేళ్ల తర్వాత సంగతి ఇంకా తేటగా కనబడుతుంది. 1799 మేలో శ్రీరంగపట్టణం పడిపోయింది, టిప్పు చనిపోయాడు. జూన్ 22న పంపకపు ఒప్పందం, జూలై 8న ఒడెయర్లతో సైనిక సహాయ ఒప్పందం జరిగాయి. మొదటి దానిలో కొత్త మైసూరు రాజ్యపు రాబడి 13,74,076 కంఠీరవ వరహాలని రాశారు. రెండో దానిలో మైసూరు ఏటా కంపెనీకి ఏడు లక్షల స్టార్ వరహాలు ఇవ్వాలని రాశారు. రెండు పత్రాల్లోనూ వరహాలే, మధ్యలో పదిహేను రోజుల ఎడమే. మాట ఒకటే కదా అని ఏడును పదమూడు చిల్లరతో భాగిస్తే రాబడిలో నూటికి 51 వంతులు కప్పమని తేలుతుంది. ఇప్పుడు ఆరుకు అయిదు రేటు పెట్టండి. ఏడు లక్షల మదరాసు వరహాలు ఎనిమిది లక్షల నలభై వేల కంఠీరవ వరహాలు. నూటికి 51 కాస్తా 61 అయింది. 1792 నాటి మూడు రూపాయల లెక్క పట్టుకున్నా 59కి తగ్గదు. సగం ఇచ్చి సగం ఉంచుకున్న రాజ్యం వేరు, అయిదింట మూడు వంతులు ఇచ్చి రెండు వంతులతో బతికిన రాజ్యం వేరు. ఆ రెండు రాజ్యాల మధ్య ఉన్న దూరం మొత్తం ఒక్క మారకపు రేటు.

దీనికి రెండు జవాబులు రావచ్చు. మొదటిది, పట్టీలో రాసిన 13.74 లక్షలు పాత అంచనా. పూర్ణయ్య అసలు వసూలు దాన్ని మించింది. 1805లో మార్క్ విల్క్స్ మైసూరు పాలన మీద రాసిన నివేదిక చదివినవారికి ఇది తెలుసు. పూర్ణయ్య ఖజానాలో మిగులు పోగుచేసి చూపించాడు కూడా. కాబట్టి 61 అన్నది ఒప్పందపు కాగితం మీది శాతం, వాస్తవంలో భారం అంతకన్నా తక్కువ. ఒప్పుకుంటాను. అయినా రాబడి ఎంత పెరిగినా మారకం వల్ల అదనంగా ఎక్కిన లక్షా నలభై వేల కంఠీరవ వరహాలు తగ్గవు. రూపాయల్లో అవి ఏడాదికి నాలుగు లక్షల ఎనిమిది వేల పైచిలుకు. రెండో జవాబు మరింత సూటిది. ఇందులో మోసమేముంది, పూర్ణయ్యకు తెలియదా, సంతకం పెట్టినవాళ్లందరికీ ఏ వరహా ఎంతో తెలుసు కదా అంటారు. నిజమే. పూర్ణయ్య హైదరు కాలం నుంచి ఖజానా లెక్కలు చూసినవాడు. ఆయన్ను స్టార్ వరహాతో ఎవరూ ఏమార్చలేరు. నా వాదనలో మోసం అనే మాట లేదు. గెలిచినవాడు బాకీని తన టంకసాల నాణెంలో, అందులోనూ బరువైన నాణెంలో రాయించుకున్నాడు. ఆ నాణేన్ని సంపాదించుకునే శ్రమ, వట్టం, దారి ఖర్చు ఓడినవాడి మీద పడ్డాయి. ఏ నాణెంలో కట్టినా లెక్క చూసేది మదరాసు వరహాల్లోనే. ఒప్పందంలో కోటలు, తాలూకాలు, సైన్యం గురించి రాసిన వాక్యాలతో సమానంగా బరువున్న వాక్యం 'స్టార్' అన్న ఆ ఒక్క విశేషణం.

మదనపల్లె వైపు కథ ఇంకోలా నడిచింది. గుర్రంకొండ చుట్టుపట్ల ఊళ్లు టిప్పు చేతి నుంచి నిజాముకు వెళ్లాయి. 1800లో నిజాము తన దగ్గరున్న కంపెనీ సైన్యం ఖర్చుకు డబ్బు ఇచ్చే బదులు భూమినే రాసిచ్చాడు. దత్త మండలం పుట్టింది అలా. మన్రో అక్కడ ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. నిజాము చేసిన పనిలో మారకం దృష్టితో చూస్తే ఒక తెలివి ఉంది. భూమి ఇచ్చేసినవాడికి ఏటా ఏ నాణెంలో కట్టాలన్న బెంగ ఉండదు. రేటు ఎటు పోయినా నష్టం కంపెనీది, దాని వెనక ఆ భూమి దున్నే రైతుది. మైసూరు నగదు ఇచ్చి భూమి నిలుపుకుంది, రేటు భారం మోసింది. హైదరాబాదు భూమి పోగొట్టుకుని రేటు నుంచి తప్పించుకుంది. నిజాము ప్రభుత్వం ఆ తర్వాత కూడా తన నాణేన్ని వదల్లేదు. హాలీ సిక్కా ఏడు రూపాయలకు బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరు అన్న లెక్కతో, అంటే నూటికి 116 రూపాయల 10 అణాల 8 దమ్మిడీల రేటున, ఆ నాణెం ఇరవయ్యో శతాబ్దం దాకా నడిచింది. 1959లో గానీ దానికి చెల్లుబాటు పోలేదు. అక్కడా గుండ్రని నిష్పత్తి, దాని వెనక కచేరీ.

ఇక అసలు అభ్యంతరానికి వద్దాం. రేటును ప్రభుత్వాలు రాశాయనడం అతిశయోక్తి, రేటు బంగారంలోనే ఉంటుంది, మదరాసు వరహాలో మేలిమి ఎక్కువ కనుక దాని ధర ఎక్కువ, అంతే అని లోహం తెలిసినవారు అంటారు. గీటురాయి మీద గీసి చూస్తే తేలే విషయానికి రాజకీయం అంటగట్టడమెందుకని అడుగుతారు. బంగారం రేటుకు హద్దు వేస్తుందన్నది కాదనలేం. మైసూరు వరహాను అయిదు రూపాయలని ఏ ఒప్పందంలో రాసినా చెల్లదు. కానీ హద్దు లోపల చాలా చోటుంది. మూడు రూపాయలూ ఆ హద్దులోనే ఉంది, 2-14-8 కూడా అక్కడే ఉంది. ఇక రూపాయి వెండిది, వరహా బంగారంది. వెండికీ బంగారానికీ మధ్య సహజమైన రేటు అంటూ ఏదీ లేదు. కాలాన్ని బట్టి, రేవుకు వచ్చిన ఓడల్ని బట్టి మారుతుంది. ఇంగ్లండులో 1717లో టంకసాల అధిపతిగా ఉన్న ఐజాక్ న్యూటన్ నివేదిక మీద గినీకి 21 షిల్లింగులని నిర్ణయిస్తే, ఆ అంకె బంగారానికి కాస్త ఎక్కువ వెల కట్టినందుకు దేశంలోని మంచి వెండి అంతా సముద్రం దాటిపోయింది. న్యూటన్ అంతటివాడు కట్టిన రేటుకే ఆ గతి పట్టింది. లోహం ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒక శ్రేణి. అందులో ఒక అంకెను ఎంచి రాసేది ప్రభుత్వం.

1818 జనవరిలో మదరాసు ప్రభుత్వం చేసిన ప్రకటన దీనికి నాకు దొరికిన అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. ఆనాటి నుంచి మదరాసు లెక్కలన్నీ వరహాలు వదిలి వెండి రూపాయల్లోకి మారాయి. రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అందులో మేలిమి వెండి 165. అదే బరువుతో బంగారు రూపాయి కూడా పెట్టి దాని విలువ పదిహేను వెండి రూపాయలన్నారు. అంటే ఆ ప్రభుత్వం దృష్టిలో బంగారం వెండికి పదిహేను రెట్లు. అదే ప్రకటనలో పాత బాకీలకు స్టార్ వరహా మూడున్నర రూపాయలేనని కూడా చెప్పారు. మూడున్నర రూపాయల్లో మేలిమి వెండి 577.5 గ్రెయిన్లు, వరహాలో బంగారం 42. భాగిస్తే పదమూడు ముప్పావు. ఒకే ప్రభుత్వం ఒకే రోజున బంగారాన్ని ఒక చేత్తో పదిహేను రెట్లుగా, మరో చేత్తో పదమూడు ముప్పావు రెట్లుగా తూచింది. పదిహేను రెట్ల లెక్కనైతే వరహాకు మూడు రూపాయల పదమూడు అణాలు రావాలి. అయిదు అణాలు తక్కువ పడింది. బంగారమే రేటును నిర్ణయిస్తే ఈ రెండు రేట్లు ఒకే కాగితం మీద ఉండడం సాధ్యం కాదు.

ఈ సాక్ష్యం నా వాదనలో ఒక భాగాన్ని బలపరుస్తూనే, దాన్ని అతిగా సాగదీయకుండా నన్ను ఆపుతుంది కూడా. ఎందుకంటే ఈ తక్కువ వెల వల్ల లాభపడింది కంపెనీ కాదు, వరహాల్లో బాకీ ఉన్నవాడు. శిస్తు వరహాల్లో రాసి ఉన్న రైతు ఇప్పుడు వరహాకు మూడున్నర వెండి రూపాయలు ఇస్తే చాలు, మూడు రూపాయల పదమూడు అణాలు అక్కర్లేదు. మైసూరు సంగతీ అంతే. ఏడు లక్షల వరహాలు ఇరవై నాలుగున్నర లక్షల రూపాయలుగా మారాయి. బంగారం లెక్కన అయితే మరో రెండు లక్షల పైన పడేది. 1799లో రేటు వల్ల మైసూరు నష్టపోయింది, 1818లో అదే రేటు గట్టిపడడం వల్ల కొంత ఊరట పొందింది. కంపెనీ పెట్టిన ప్రతి రేటూ దోపిడీకే అనే సులువైన కథను ఈ లెక్క ఒప్పుకోదు. కచేరీ రాసిన రేటు ఎవరి పళ్లెంలో బరువు వేస్తుందన్నది, ఎవరు ఏ నాణెంలో బాకీ పడ్డారు, ఏ నాణెం చేతిలో పట్టుకున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. బంగారు వరహాలు దాచుకున్నవాడు మాత్రం 1818 తర్వాత వాటిని ఖజానాకు తేవడం తెలివితక్కువ. షరాబు ఎక్కువిస్తాడు, కంసాలి ఇంకా ఎక్కువిస్తాడు. దక్షిణాన బంగారు నాణెం చెలామణిలోంచి తప్పుకుని నగల్లోకి చేరడానికి ఇది ఒక కారణం.

ఇదంతా రాజులు, కలెక్టర్ల గొడవ, కంగుంది కొండ కింద రాగులు పండించే రైతు వరహా ముఖం చూశాడా అని అడిగేవారుంటారు. చాలామంది చూసి ఉండరు. వారి రోజువారీ బతుకు ధాన్యంతో, రాగి దుడ్లతో, అప్పుడప్పుడూ ఒక పణంతో గడిచేది. 1800లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ పంపగా మదరాసు నుంచి మైసూరుకు ప్రయాణించిన ఫ్రాన్సిస్ బుకానన్ ఈ సీమలోని వెంకటగిరికోట మీదుగానే ఘాటు ఎక్కాడు. ఊరు మారితే కొలత, తూకం, నాణేల లెక్క ఎలా మారిపోతున్నాయో ఆయన పుస్తకమంతా కనిపిస్తుంది. అంత కలగాపులగంలో పెద్ద నాణేల రేటు చిన్నవాడికి ఏం పట్టింది? శిస్తు రోజున పట్టింది. ఆరు కంఠీరవ వరహాల శిస్తు ఉన్న ఒక కాపును ఊహించుకుందాం. అతను ధాన్యం అమ్మితే వచ్చేది రాగి, కాసిన్ని పణాలు. రాగిని పణాలుగా మార్చినప్పుడు షరాబుకు ఒక వట్టం. పణాలు అరిగి ఉంటే మరో కోత. కచేరీ తన లెక్కను మదరాసు వరహాల్లోకి మార్చుకున్నప్పుడు మూడో మెట్టు. మూడు రూపాయల లెక్కన అతని శిస్తు 18 రూపాయలు, రెండో లెక్కన పదిహేడున్నర; మధ్యనున్న అర రూపాయి ఆరు మదరాసు పణాలు, అంటే 480 కాసులు. కచేరీలో నూటికి మూడు కూడా లేని తేడా, పెరట్లో 480 కాసులు. చేతిలో రాగి ఉన్నవాడికి కాసులే డబ్బు. పెద్ద నాణేన్ని ఎన్నడూ చూడనివాడే దాని రేటుకు అందరికన్నా ఎక్కువ లోబడి ఉన్నాడు, ఎందుకంటే ఏ మెట్టు మీదా బేరమాడే స్థితి అతనికి లేదు.

తర్వాతి దశాబ్దాలు త్వరగా చెప్పుకోవచ్చు. 1831లో మైసూరు పాలన కంపెనీ కమిషనర్ల చేతికి వెళ్లింది, లెక్కలు కంపెనీ రూపాయల్లోకి మారాయి. టంకసాలను 1833లో బెంగళూరుకు తరలించి పదేళ్ల తర్వాత మూసేశారు. 1835 చట్టంతో బ్రిటిష్ ఇండియా అంతటికీ ఒకే వెండి రూపాయి వచ్చింది, బంగారానికి చట్టబద్ధమైన చెల్లుబాటు పోయింది. 1853 జనవరి నుంచి ఖజానాలు బంగారు నాణేలను తీసుకోవడమే మానేశాయి. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరుకు రైలు పడి కుప్పం స్టేషనులో టికెట్టు అమ్మేనాటికి ఘాటు మీద, ఘాటు కింద ఒకటే రూపాయి. ఇక రెండు వరహాల గొడవ ముగిసిందనుకోవాలి.

ముగియలేదు. మైసూరు కప్పం ఇరవై నాలుగున్నర లక్షల రూపాయలుగా అలాగే నిలిచిపోయింది. 1870ల నుంచి ప్రపంచమంతటా వెండి ధర పడిపోతుంటే ఆ అంకె కదల్లేదు. 1899 తర్వాత సవరనుకు పదిహేను రూపాయల రేటు స్థిరపడింది. సవరనులో మేలిమి బంగారం 113 గ్రెయిన్లు. ఆ లెక్కన పాత మదరాసు వరహా అయిదున్నర రూపాయల పైమాట. 1799 ఒప్పందాన్ని అక్షరాలా బంగారంలో అమలు చేసి ఉంటే మైసూరు ఏటా ముప్పై తొమ్మిది లక్షలు కట్టాల్సి వచ్చేది. మూడున్నర అన్న పాత రేటు దాన్ని ఇరవై నాలుగున్నర దగ్గర కట్టేసింది. 1881లో రాజ్యం తిరిగి ఒడెయర్లకు అప్పగించినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం కప్పాన్ని ముప్పై అయిదు లక్షలకు పెంచింది. కరువు దెబ్బతిన్న రాజ్యం వెంటనే కట్టలేకపోవడంతో ఆ పెంపు 1896 దాకా వాయిదాలు పడింది. ముప్పై అయిదు లక్షలంటే మూడున్నర లెక్కన సరిగ్గా పది లక్షల స్టార్ వరహాలు. కాకతాళీయమే కావచ్చు, నేను దాని మీద ఏ వాదనా నిలబెట్టను. పెంచిన ఆ పదిన్నర లక్షలను మాఫీ చేస్తున్నట్టు 1927లో వైస్రాయి ఇర్విన్ కాలంలో నిర్ణయం వచ్చింది, 1928–29 నుంచి మైసూరు మళ్లీ ఇరవై నాలుగున్నర లక్షలు కట్టింది. అప్పటికి స్టార్ వరహాను మదరాసు లెక్కల్లోంచి తీసేసి నూట పదేళ్లు దాటింది.

వచ్చే భాగంలో కుప్పానికి వాయవ్యంగా, కొన్ని మైళ్ల దూరంలో, 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ కోలారు గనుల్లో పని మొదలుపెట్టిన దగ్గర్నుంచి చూద్దాం. అక్కడ తవ్విన బంగారాన్ని పౌన్లలో లెక్కగట్టి లండనుకు పంపుతూ, తవ్విన కూలీలకు రూపాయల్లో జీతం ఇచ్చారు. 1893లో టంకసాలలు వెండికి మూతపడ్డాక రూపాయికి పదహారు పెన్నీలు, 1927లో పద్దెనిమిది పెన్నీలు అని నిర్ణయించినప్పుడు ఆ గనుల్లో ఎవరి లెక్క ఎటు మొగ్గిందో పరిశీలిద్దాం.